పక్కింటి పెంపుడు కుక్క మీదకు దూకుతోందా? ఎవరికి ఫిర్యాదు చేయాలి, చట్టం ఏం చెబుతోంది?

లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మీదకు ఎగబడే కుక్క. రాత్రి రెండు దాటినా ఆగని అరుపులు. మెట్ల దగ్గర రోజూ కనిపించే మలం. అడిగితే ‘‘మావాడు ఏమీ అనడండీ, ఆడుకుంటున్నాడంతే’’ అనే సమాధానం. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు మధ్య గొడవలకు ఇప్పుడు పార్కింగ్, నీళ్ల తర్వాత ఇదే పెద్ద కారణంలా కనిపిస్తోంది.

దీన్ని చిన్న గొడవగా కొట్టిపారేయడానికి లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన డెలివరీ బాయ్, ఆ ఇంటి పెంపుడు కుక్క తరమడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. చికిత్స పొందుతూ చనిపోయాడు. కుక్క యజమానిపై పోలీసులు కేసు నమోదు చేశారు.

మరి ఇలాంటి కుక్క మీ పక్క ఫ్లాట్‌లోనే ఉంటే ఏం చేయాలి? అసోసియేషన్ ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు? పోలీసుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

వీధి కుక్కకు, పెంపుడు కుక్కకు తేడా ఏంటి?

ముందుగా ఈ రెండింటినీ వేరు చేసి చూడాలి. వీధి కుక్కలను పట్టుకోవడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల పని. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు దీని గురించే చెబుతాయి. సుప్రీంకోర్టులో 2025లో నడిచిన విచారణ కూడా ప్రధానంగా వీధి కుక్కల గురించే.

పెంపుడు కుక్క విషయంలో బాధ్యత నేరుగా యజమానిదే. టీకా వేయించడం, బయటకు తెచ్చినప్పుడు అదుపులో ఉంచడం, అది చేసిన నష్టానికి జవాబు చెప్పడం ఆయన పనే. కుక్కను బయట తిప్పేది పనిమనిషి లేదా డ్రైవర్ అయినా యజమాని బాధ్యత తీరిపోదు.

చట్టంలో ఏ సెక్షన్లు వర్తిస్తాయి?

భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 291 దీనికి సూటిగా సరిపోయేది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి లేదా తీవ్ర గాయానికి ముప్పు ఉండొచ్చని తెలిసీ, లేదా నిర్లక్ష్యంతో తగిన జాగ్రత్త తీసుకోకపోతే అది నేరం. 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఐపీసీ సెక్షన్ 289 కింద జరిమానా 1,000 రూపాయలే ఉండేది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ సెక్షన్ వర్తించాలంటే కుక్క కరిచి తీరాలని లేదు. కరిచే ప్రమాదం ఉందని తెలిసి కూడా గొలుసు లేకుండా వదిలేయడమే నిర్లక్ష్యం. అందుకే ముందు జరిగిన ఘటనలను లిఖితపూర్వకంగా యజమాని దృష్టికి తెచ్చి ఉంటే, ‘‘మాకు తెలియదు’’ అనే వాదన నిలబడదు.

నిర్లక్ష్యం వల్ల ఎవరైనా గాయపడితే సెక్షన్ 125 కూడా వర్తించవచ్చు. మామూలు గాయమైతే 6 నెలల వరకు, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల వరకు జైలు శిక్షకు ఇందులో అవకాశం ఉంది.

కేవలం అరుపులు, మలమూత్రాల సమస్య అయితే సెక్షన్ 291 కిందకు రాదు. అది న్యూసెన్స్. దానికి దారి వేరు, కింద చూద్దాం.

అసోసియేషన్ కుక్కలను నిషేధించవచ్చా?

కుదరదు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ సభ్యులు తీర్మానం చేసినా అపార్ట్‌మెంట్‌లో పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించకూడదు. కుక్క పెద్దదనో, అరుస్తుందనో ఇల్లు ఖాళీ చేయమని ఒత్తిడి తేకూడదు. కుక్కతో లిఫ్ట్ ఎక్కడాన్ని అడ్డుకోకూడదు, అందుకు విడిగా డబ్బు వసూలు చేయకూడదు.

అలాగని అసోసియేషన్ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. కింది విషయాల్లో యజమానులతో మాట్లాడి అందరూ పాటించేలా నియమాలు పెట్టుకోవచ్చు.

• కారిడార్, లిఫ్ట్, పార్కింగ్‌లో కుక్కకు తప్పనిసరిగా గొలుసు లేదా బెల్టు ఉండాలి.

• మలాన్ని యజమానే వెంటనే తీసి శుభ్రం చేయాలి.

• రేబిస్ టీకా సర్టిఫికెట్, మున్సిపల్ లైసెన్స్ కాపీ ఆఫీసులో ఇవ్వాలి.

• కుక్కలను తిప్పడానికి వీలైన వేళలు, చోటు అందరితో మాట్లాడి ఖరారు చేయాలి.

• డెలివరీ వాళ్లు, పనివాళ్లు వచ్చినప్పుడు కుక్కను వేరే గదిలో పెట్టాకే తలుపు తీయాలి.

లైసెన్స్ ఉందో లేదో అడగొచ్చా?

అడగొచ్చు. జీహెచ్ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్స్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి రేబిస్ టీకా వేయించినట్లు ధ్రువపత్రం జతచేయాలి. చాలామంది ఈ పని చేయరు కాబట్టి, ఫిర్యాదులో ఈ అంశాన్ని కూడా ప్రస్తావించడం మంచిది. అప్పుడు మున్సిపల్ వెటర్నరీ విభాగం వచ్చి చూడటానికి ఒక స్పష్టమైన కారణం దొరుకుతుంది.

ఫిర్యాదు ఏ క్రమంలో వెళ్లాలి?

మొదటి మెట్టు: మాట్లాడటం. కుక్క మీదకు దూకిన క్షణంలో, ఇద్దరూ కోపంలో ఉన్నప్పుడు కాదు. మర్నాడు ప్రశాంతంగా వెళ్లండి. ‘‘మీ కుక్కకు బుద్ధి లేదు’’ అంటే గొడవే మిగులుతుంది. ‘‘అండీ, నిన్న సాయంత్రం లిఫ్ట్ దగ్గర మీ టామీ మా అమ్మ మీదకు దూకింది. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది, పడితే కష్టం. కిందకు తెచ్చేటప్పుడు గొలుసు పొట్టిగా పట్టుకోండి’’ అంటే అవతలివారు వినే అవకాశం ఎక్కువ. అరుపుల విషయంలో వాళ్లు ఆఫీసుకు వెళ్లాక కుక్క అరుస్తోందని వాళ్లకు తెలియకపోవచ్చు. వీడియో చూపించండి.

రెండో మెట్టు: రికార్డు. మాట్లాడినా మారకపోతే తేదీ, సమయం, ఏం జరిగిందో రాసి పెట్టండి. సీసీటీవీ ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి ఘటన జరిగిన రోజే కాపీ అడగండి. యజమానికి వాట్సాప్‌లోనో, ఈమెయిల్‌లోనో విషయం రాసి పంపండి. అసోసియేషన్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. ఒక్కరు కాకుండా ఇబ్బంది పడుతున్న నాలుగైదు ఫ్లాట్ల వాళ్లు కలిసి ఇస్తే బరువు ఉంటుంది.

మూడో మెట్టు: మున్సిపాలిటీ. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ కాల్‌సెంటర్ 040-21111111కు ఫోన్ చేయొచ్చు, యాప్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫిర్యాదు నంబర్ తప్పకుండా నోట్ చేసుకోండి. మిగతా నగరాల్లో మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో ఇవ్వాలి.

నాలుగో మెట్టు: పోలీసులు. కుక్క కరిచినా, వెంటపడి ఎవరైనా గాయపడినా ముందు మెట్లన్నీ ఎక్కాల్సిన అవసరం లేదు, నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. ఆసుపత్రి చీటీ, గాయం ఫొటోలు, సాక్షుల పేర్లు, పాత ఫిర్యాదుల కాపీలు పట్టుకెళ్లండి. అక్కడికక్కడే దాడి జరుగుతుంటే 112కు ఫోన్ చేయండి.

ఐదో మెట్టు: మేజిస్ట్రేట్, కోర్టు. కుక్క వల్ల చుట్టుపక్కల అందరికీ ప్రమాదం ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌ను, అంటే జిల్లాల్లో ఆర్డీవోను ఆశ్రయించవచ్చు. ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానిని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. అరుపుల వంటి న్యూసెన్స్‌పై, వైద్య ఖర్చుల పరిహారంపై సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు.

కోర్టు ఖర్చు భరించలేం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు, దానికి ఫీజు ఉండదు. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ నంబర్ 15100.

కుక్క కరిస్తే వెంటనే ఏం చేయాలి?

గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి లాంటివి పెట్టకూడదు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ‘‘మా కుక్కకు టీకా వేయించాం’’ అని యజమాని చెప్పినా డాక్టర్‌ను కలవడం మానొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

టీకా కండరానికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం చీలి రక్తం కారితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో యాంటీ రేబిస్ టీకా అందుబాటులో ఉంటుంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలి. ఈలోగా దాన్ని వేరే ఊరికి పంపించేయకుండా యజమానితో మాట తీసుకోండి. అయితే ఆ 10 రోజులు చూశాక టీకా వేయించుకుందాం అనుకోవద్దు, మొదటి డోసు ఆరోజే పడాలి.

ఎదురుగా వస్తే ఎలా?

పరుగెత్తొద్దు. పరుగు చూస్తే కుక్క వెంటపడుతుంది. కళ్లలోకి చూడకుండా, చేతులు శరీరానికి ఆనించి, కదలకుండా నిలబడండి. అది వెనక్కి తగ్గాక మెల్లగా పక్కకు జరగండి. కింద పడిపోతే ముడుచుకుని, మెడను, చెవులను చేతులతో కప్పుకోండి. పిల్లలకు ఇది ముందే ఆడిస్తూ నేర్పితే ఆ క్షణంలో గుర్తొస్తుంది.

యజమానులు ఏం చేయాలి?

మీదకు దూకే కుక్కలన్నీ కోపిష్టివి కావు. రోజంతా బాల్కనీలోనో, గొలుసుకో కట్టేసి ఉంచితే విసుగుతో అరుస్తాయి, మనిషి కనిపించగానే ఎగబడతాయి. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల దాకా కొత్త మనుషులను, శబ్దాలను చూడకుండా పెరిగిన కుక్కపిల్ల పెద్దయ్యాక ప్రతిదానికీ భయపడుతుంది. ఆ భయమే చాలాసార్లు కాటుగా మారుతుంది.

రోజుకు రెండుసార్లు బయట తిప్పడం, ‘కూర్చో’, ‘ఆగు’ లాంటి మాటలకు తాయిలం ఇచ్చి అలవాటు చేయడం, లిఫ్ట్ ఎక్కే ముందు ఆపి కూర్చోబెట్టడం లాంటివి పెద్ద కుక్కలకు కూడా నేర్పవచ్చు. కొట్టి నేర్పితే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఉన్నట్టుండి ప్రవర్తన మారితే నొప్పి, జబ్బు ఉన్నాయేమో వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. తగినంత తిప్పకుండా ఎప్పుడూ కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే.

కొన్ని జాతులపై నిషేధం ఉందా?

పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతులను నిషేధించాలని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ సర్క్యులర్‌ను అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ‘‘ఆ జాతి కుక్కను పెంచుతున్నారు’’ అన్న ఒక్క కారణంతో కాకుండా, ఆ కుక్క ఏం చేసింది, యజమాని ఏం చేయలేదు అన్నదాని మీద ఫిర్యాదు రాస్తే బలంగా ఉంటుంది.

ఇవి మాత్రం చేయొద్దు

కుక్కకు విషం పెట్టినా, కొట్టి గాయపరిచినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. యజమానిపై చేయి చేసుకుంటే ఫిర్యాదు చేయాల్సిన మీరే నిందితులవుతారు.

మరో మాట. ఇలాంటి కుక్క నుంచి ఎక్కువ ప్రమాదం ఫ్లాట్ ఓనర్లకు కాదు. రోజూ ఆ తలుపు కొట్టక తప్పని పనిమనిషికి, వాచ్‌మన్‌కు, పాలవాడికి, డెలివరీ బాయ్‌కి. ఉద్యోగం పోతుందన్న భయంతో వాళ్లు నోరు విప్పరు. పోలీసులకు, మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయడానికి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ ఉండనక్కర్లేదని వాళ్లకు చెప్పండి. కరిచిందని తెలిస్తే మీ బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లండి, సాక్షిగా మీ పేరు ఇవ్వండి.