కొత్త పికప్ బండి మొరాయిస్తే వారంటీ హక్కును నిలబెట్టుకొనుట ఎట్లు?

పలమనేరు టమోటా, చిత్తూరు మామిడి, గుడియాత్తం అగ్గిపెట్టెలు, లుంగీలు – మన సరిహద్దు ప్రాంతపు సరుకులలో అధిక భాగాన్ని నేడు సంతకు చేర్చుచున్నది చిన్న పికప్ బండి. 2005లో టాటా ఏస్ విపణిలోకి వచ్చినప్పుడు తమిళ సోదరులు దానికి 'కుట్టి యానై' అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. పిల్ల ఏనుగు అని దాని అర్థం. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి కూడా మన పల్లెలలో ఒకనాటి ఎడ్లబండి స్థానాన్ని ఆక్రమించాయి. అయితే ఎడ్లబండికి లేని భారమొకటి వీటికి ఉన్నది. అదే నెలవారీ వాయిదా. బండి షెడ్డులో నిలిచిపోయినంత మాత్రాన వాయిదా నిలువదు. కావున కొత్త బండిలో లోపం తలెత్తినప్పుడు ఏమి చేయవలెనో ప్రతి కుటుంబమూ ముందుగానే తెలిసికొని ఉండుట అవసరం.

మన వారిలో చాలామంది రెండు పొరపాటు అభిప్రాయాలతో నష్టపోవుచున్నారు. వారంటీ అనునది డీలరు చూపే దయ అని మొదటిది. తమిళనాడులో కొన్న బండికి ఆంధ్రలో దిక్కు లేదని రెండవది. రెండునూ నిజము కావు. వారంటీ కొనుగోలుదారుని హక్కు. అయితే అది కాగితం మీద నిలబడే హక్కు. కాగితం లేనివాని మాట ఎంత సత్యమైనా రుజువుకు నిలువదు.

వారంటీ అనగా ఏమి?

వాహనంలో పదార్థ లోపము గాని, తయారీ లోపము గాని ఉన్నట్లయితే, ఆ భాగమును ఉచితంగా బాగుచేసి లేదా మార్చి ఇచ్చెదమని తయారీ సంస్థ వ్రాసి ఇచ్చే హామీయే వారంటీ. దానికి కాలపరిమితి, కిలోమీటర్ల పరిమితి రెండూ ఉంటాయి. ఏది ముందు పూర్తయితే అప్పటితో వారంటీ ముగియును. రోజూ సరిహద్దు దాటి తిరిగే బండికి కిలోమీటర్లే ముందు నిండుతాయని మరువరాదు.

అన్ని భాగాలకూ ఒకే వారంటీ ఉండదు. టైర్లకు, బ్యాటరీకి సాధారణంగా వాటిని తయారుచేసిన సంస్థలే వేరుగా హామీ ఇస్తాయి. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనింగు, ఫిల్టర్లు, వైపర్లు, బల్బులు వంటి అరిగిపోయే వస్తువులు చాలావరకు వారంటీ పరిధిలోకి రావు. ఈ వివరాలన్నీ బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకమును డ్యాష్‌బోర్డు అరలో మరచిపోక, ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనుట మంచిది.

వారంటీని నిరాకరించుటకు సాధారణంగా చెప్పే కారణాలు నాలుగు: ఉచిత సర్వీసును నిర్ణీత సమయంలో చేయించకపోవుట, పరిమితికి మించి బరువు వేయుట, బయటి మెకానిక్ చేత ఇంజను విప్పించుట, హారను, దీపాలు, పాటల పెట్టె కొరకు వైర్లను కోసి అతుకులు వేయుట. మొదటి సర్వీసు తేదీ దాటనీయక, వారంటీ ముగిసేవరకు వైరింగు జోలికి పోకుండా ఉంటే సగం వివాదాలు పుట్టనే పుట్టవు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల పిమ్మట డీజిలు బండ్లలో కొత్త పరికరాలు చేరినవి. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ వంటి ఫిల్టరు వానిలో ఒకటి. ఇంజను తగినంత వేడెక్కి కొంతసేపు వేగంగా నడిస్తేనే అందులోని మసి కాలిపోవును. ఎప్పుడూ ఊరిలోనే కొద్ది కొద్ది దూరాలు తిప్పే బండిలో అది మూసుకొనిపోయి, హెచ్చరిక దీపం వెలిగి, లాగుడు తగ్గును. ఇది తయారీ లోపమా, వాడకపు ఇబ్బందియా అన్నదే తగవుకు మూలం. దీపం వెలిగిన రోజే బండిని చూపించి వ్రాయించుకొన్నవాని మాట చెల్లును. దీపం వెలుగుచుండగా నెలల తరబడి నడిపినవాని మాట బలహీనమగును.

జాబ్ కార్డే ప్రధాన సాక్ష్యం

బండిని సర్వీసు కేంద్రంలో అప్పగించునప్పుడు వ్రాసే జాబ్ కార్డే ఈ వ్యవహారమంతటికీ మూలాధారం. అందులో తేదీ, కిలోమీటరు మీటరు సంఖ్య, లోపపు వివరణ ఉండవలెను. వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో అది ఇంగ్లీషులోనో తమిళంలోనో వ్రాయబడును. మనకు చదువ రానప్పుడు, 'ఏమి వ్రాసినారో చదివి వినిపించండి' అని అడుగుటకు మొగమాటపడరాదు. వినిన పిమ్మటనే సంతకం చేయవలెను.

'జనరల్ చెకప్' అని వ్రాసిన జాబ్ కార్డు లోపమును గూర్చి ఏమియు చెప్పదు. దానికి బదులు, 'బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు మూడవ గేరులో శబ్దం వచ్చుచున్నది, గేరు జారుచున్నది' అని వ్రాయించవలెను. అదే లోపంతో రెండవసారి వెళ్ళినప్పుడు 'ఇదే ఫిర్యాదు రెండవసారి' అని, మూడవసారి 'మూడవసారి' అని చేర్పించవలెను. ఒకే లోపం పలుమార్లు నమోదైన జాబ్ కార్డుల వరుసే రేపు కమిషన్ ఎదుట మన తరపున మాట్లాడే సాక్షి.

కొన్ని లోపాలు ఖాళీ బండిలో కనబడవు. సత్తువాచారి వద్ద చదునైన జాతీయ రహదారిపై ఖాళీగా తిప్పి చూచి 'ఏ లోపమూ లేదు' అనుట సులభం. అదే బండి గుడియాత్తం నుండి పలమనేరు వైపు ఎత్తు ఎక్కునప్పుడు అసలు సంగతి తెలియును. అట్టి సందర్భంలో అనుమతించిన మేరకు బరువు వేసి, సర్వీసు సలహాదారుని పక్కన కూర్చుండబెట్టుకొని నడిపి చూపించుటకు కోరవలెను. శబ్దమును, హెచ్చరిక దీపమును, మీటరు సంఖ్యను సెల్‌ఫోనులో చిత్రించి ఉంచుకొనవలెను.

మరమ్మతు ఉచితమే అయినను బిల్లు తీసుకొనకుండా రారాదు. ఏ భాగం మార్చిరో ఆ బిల్లులో ఉండవలెను. బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉన్నదో అప్పగింత తేదీల వల్లనే తేలును. ఆ రోజులలో అద్దె బండికి పెట్టిన ఖర్చు రసీదులను కూడా భద్రపరచవలెను.

డీలరు వినకపోతే

వారంటీ హామీ ఇచ్చినది తయారీ సంస్థ. డీలరు దాని ప్రతినిధి. అందువలన సాధారణంగా వేలూరులో కొన్న బండిని అదే సంస్థకు చెందిన చిత్తూరు అధీకృత సర్వీసు కేంద్రంలోనూ చూపించవచ్చును. పరదరామి దాటినా, క్రిస్టియన్‌పేట దాటినా వారంటీ మారదు. ఒకచోట లోపం దొరకనప్పుడు వేరొక అధీకృత కేంద్రంలో పరీక్ష చేయించుట మంచి మార్గం.

అప్పటికీ ఫలితం లేనిచో తయారీ సంస్థ వినియోగదారుల విభాగానికి వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. బండి కొన్న తేదీ, ఛాసిస్ నంబరు, ఏ ఏ తేదీలలో ఏ లోపం చూపించినారు, ఏమి కోరుచున్నారు – ఈ నాలుగూ ఉంటే చాలును. కోపపు మాటలు అక్కరలేదు. 15 రోజుల గడువు పెట్టి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదును దాచవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చును.

ఒకే రకం బండ్లలో ఒకే భద్రతా లోపం కనబడినచో, వాటిని వెనక్కు పిలిపించి సరిచేయించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టం వల్ల ప్రభుత్వానికి వచ్చినది. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి.

బాడుగ బండి యజమాని వినియోగదారుడగునా?

'మీది వ్యాపారపు బండి, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు' అని కొందరు బెదిరింతురు. ఇది సగం నిజం మాత్రమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కొరకు కొన్నవారిని మినహాయించినది. అయితే స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కొరకు మాత్రమే కొని వాడుకొనేవారు ఆ మినహాయింపు కిందికి రారని అదే చట్టం స్పష్టంగా చెప్పుచున్నది.

1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, జీవనోపాధి కొరకు తానే నడుపుకొనుటకు ఆటోరిక్షా గాని లారీ గాని కొన్నవాడు వినియోగదారుడేనని వివరించినది. 2009లో ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఒక లారీ కేసులో, డ్రైవరును పెట్టుకొన్నంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పినది. అయితే పలు బండ్లు కొని, జీతగాళ్ళచేత నడిపించి వ్యాపారం సాగించేవారి పరిస్థితి వేరు. కావున ఫిర్యాదులో 'ఈ ఒక్క బండియే మా కుటుంబ జీవనాధారం, నేనే నడుపుకొనుచున్నాను' అను వాక్యమును, అది నిజమైనప్పుడు, తప్పక వ్రాయవలెను.

ఎక్కడ ఫిర్యాదు చేయవలెను?

పూర్వపు 1986 చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోట గాని, వివాద కారణం పుట్టినచోట గాని ఫిర్యాదు చేయవలసి ఉండెడిది. 2020 జూలై 20 నుండి అమలైన కొత్త చట్టం కొనుగోలుదారుడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయుటకు వీలు కల్పించినది. సరిహద్దు ప్రజలకు ఇది గొప్ప మేలు. సత్తువాచారిలో బండి కొన్న గుడిపాల రైతు చిత్తూరు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించి, తన గోడును తెలుగులోనే చెప్పుకొనవచ్చును. గుడియాత్తం వాసి వేలూరుకు వెళ్ళవచ్చును.

చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారించును. ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు 200 రూపాయలు, 10 నుండి 20 లక్షల వరకు 400 రూపాయలు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాద కారణం ఏర్పడిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయవలెను. డీలరును, తయారీ సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చుట మేలు.

ఏమి ఆశించవచ్చును?

కొత్త బండియే కావలెనని పట్టుబట్టుట అన్ని వేళలా ఫలించదు. వారంటీ షరతు భాగాలను మార్చుటకే పరిమితమైనప్పుడు మొత్తం వాహనమును మార్చుమనరాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ధర వాపసు కావలెనన్న, లోపం పుట్టుకతోనే ఉన్నదని స్వతంత్ర నిపుణుని నివేదిక వల్ల రుజువు కావలెను. అట్టి పరీక్ష చేయించుమని కమిషన్‌నే కోరవచ్చును. లోపమున్న భాగమును మార్చుట, పరిహారం, ఖర్చులు అనునవి సాధారణంగా సాధ్యమగు కోర్కెలు.

ఒక్క హెచ్చరిక. బండి మీది కోపంతో బ్యాంకు వాయిదా ఎగవేయరాదు. అప్పు ఒప్పందం వేరు, వారంటీ వేరు. వాయిదా తప్పితే బండినే పోగొట్టుకొనే ప్రమాదమున్నది.

బండి కొన్న రోజున టెంకాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించుట మన ఆచారం. దానితోపాటు ఒక సంచి కొని, బిల్లు, వారంటీ పుస్తకం, ప్రతి జాబ్ కార్డు అందులో వేసి ఇంటిలో భద్రంగా ఉంచుట కూడా ఆచారం చేసికొనవలెను. కష్టకాలంలో ఆ సంచియే కుటుంబానికి అండ.