డేటా ఎక్కడికి పోతుంది?

సాయంత్రం ఏడు గంటలు. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి చదివే అక్క నాన్న ఫోనులో లెక్కల పాఠం వీడియో పెట్టుకుని కూర్చుంది. రెండు నిమిషాలు నడిచిందో లేదో, బొమ్మ ఆగిపోయింది. తెర మధ్య చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. "ఇవ్వాళ్టి డేటా అయిపోయింది!" అన్నది అక్క. మధ్యాహ్నం అదే ఫోనులో క్రికెట్ చూసిన తమ్ముడు మెల్లగా బయటికి జారుకున్నాడు.

డేటా అయిపోవడం అంటే ఏమిటి? కుండలో నీళ్ళలాగా అదీ తరిగిపోతుందా?

బిట్లు, బైట్లు

ఫోనులోకి వచ్చే పాట అయినా, బొమ్మ అయినా, నిజానికి అది 0, 1 అనే రెండు అంకెల వరుసే. ఒక్కొక్క అంకెను బిట్ అంటారు. 8 బిట్లు ఒక బైట్. వంద కోట్ల బైట్లు ఒక గిగాబైట్. మనం 'జీబీ' అనేది దీన్నే. అయితే వేగాన్ని మాత్రం సెకనుకు ఇన్ని బిట్లు అని చెబుతారు. పది లక్షల బిట్లు ఒక మెగాబిట్. ఈ తేడా గుర్తుంచుకోండి. చాలామంది పొరపడేది ఇక్కడే.

ఇప్పుడొక లెక్క చేద్దాం. నాన్న ప్లాన్ రోజుకు 1.5 జీబీ అనుకుందాం. 8 చేత గుణిస్తే 12,000 మెగాబిట్లు. సెకనుకు 1 మెగాబిట్ తీసుకునే వీడియో 12,000 సెకన్లు నడుస్తుంది. అంటే 3 గంటల 20 నిమిషాలు. బొమ్మ మరింత స్పష్టంగా ఉండాలని సెకనుకు 4 మెగాబిట్లు తీసుకునే వీడియో పెడితే? 50 నిమిషాల్లోనే ఖాళీ! తమ్ముడు చేసింది ఇదే.

హద్దు ఎందుకు?

లెక్కల పాఠాన్ని ఎంతమంది చూసినా అది తరగదు. కాని సెల్ టవర్ ఒక సెకనులో పంపగల బిట్లకు ఒక మితి ఉంది. దాని కింది ఫోన్లన్నీ ఆ మితినే పంచుకోవాలి. మన ఊరి చెరువు చూడండి. చెరువు నిండా నీళ్ళున్నా, తూములోంచి ఒక్కసారి వచ్చే నీరు కొంతే. అందరూ ఒకేసారి పారించుకుంటే చివరి మడికి అందదు. అందుకే నీరటి వంతులు పెడతాడు.

కాని వంతుకూ, డేటా హద్దుకూ తేడా ఉంది. తెల్లవారుజామున టవర్ ఖాళీగా ఉన్నా, మామూలు ప్లాన్‌లో ఒక జీబీ ఒక జీబీ కిందే లెక్క. కాబట్టి ఈ హద్దు రద్దీ కోసమే కాదు, ఎక్కువ వాడేవారు ఎక్కువ చెల్లించడానికి కూడా.

మరి టీవీకి ఈ హద్దు ఎందుకు లేదు? టవర్ ప్రతి ఫోనుకూ వేరువేరుగా బిట్లు పంపాలి. టీవీ ప్రసారం అలా కాదు, ఒకే తరంగం పది ఇళ్ళకైనా, పది లక్షల ఇళ్ళకైనా చాలుతుంది. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు ప్రసారం చేశారు. డేటా కొనలేని ఇళ్ళకూ అవి చేరాయి.

గాజు తీగ

ఇంటికి నేరుగా తీగ వస్తే హద్దు పెరుగుతుంది. ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో బిట్లు వెలుగు మిణుకులుగా పరుగెత్తుతాయి. మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కాలువల్లోనే తెలంగాణలో ఈ తీగలకూ గొట్టాలు వేశారు. 2024 డిసెంబరు 8న టీ-ఫైబర్‌ను ప్రయోగంగా మొదలుపెట్టిన ఊళ్ళలో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు ఒకటి.

ప్లాన్ మార్చే ముందు

ఇంట్లో పెద్దవాళ్ళు ప్లాన్ మారుస్తుంటే మీరు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: హద్దు దాటాక వేగమెంత? కొన్ని మొబైల్ ప్లాన్లలో అది సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. అప్పుడు 4 మెగాబైట్ల ఫోటో రావడానికి 500 సెకన్లు, అంటే 8 నిమిషాలకు పైనే! సెకనుకు 20 మెగాబిట్ల తీగలో అదే ఫోటోకు 2 సెకన్లు కూడా పట్టదు.

రెండు: గడువు ఎన్ని రోజులు? 28 రోజులైతే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు డబ్బు కట్టాలి.

మూడు: నెల ధర కాక, పెట్టెకూ, తీగ బిగించడానికీ ఎంత?

మీరే చేసి చూడండి

ఫోను సెట్టింగ్స్‌లో ఎంత డేటా వాడారో కనిపిస్తుంది. ఆ అంకె రాసుకోండి. ఒక పాఠాన్ని తక్కువ స్పష్టతతో 5 నిమిషాలు చూసి మళ్ళీ రాసుకోండి. తరువాతి 5 నిమిషాలు ఎక్కువ స్పష్టతతో చూసి ఇంకోసారి రాయండి. రెండు తేడాలనూ పోల్చండి. నల్లబల్ల మీది అక్షరాలు చదవడానికి ఎంత స్పష్టత చాలునో మీకే తెలుస్తుంది.

మన అక్క కూడా అలాగే లెక్క కట్టింది. మరునాడు తమ్ముణ్ణి పిలిచి, స్పష్టత తగ్గించి క్రికెట్ పెట్టి ఇచ్చింది. సాయంత్రం పాఠం ఆగలేదు, తమ్ముడూ ఎక్కడికీ జారుకోలేదు.