గర్దన్ తోడ్ బుఖార్ - కారణాలు, నివారణ

మెనింజైటిస్ వ్యాధిని ఉర్దూలో ‘గర్దన్ తోడ్ బుఖార్’ అంటారు. మెడ విరిచే జ్వరమని దీని అర్థం. తీవ్రమైన జ్వరము, తలనొప్పి, వాంతులతోపాటు మెడ బిగుసుకొనిపోయి, రోగి గడ్డమును రొమ్ముకు ఆనించలేడు. తెలుగులో దీనిని మెదడువాపుగా పొరబడుట కద్దు. మెదడువాపు మెదడుకే వచ్చే వ్యాధి. ఎక్కువగా వైరస్‌ల వలన కలుగుతుంది. మెనింజైటిస్ మెదడును, వెన్నుపామును కప్పియుండే పొరలకు వచ్చే వ్యాధి. బాక్టీరియా వలన కలిగినచో గంటల వ్యవధిలోనే ప్రాణాపాయం కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం బాక్టీరియా మెనింజైటిస్ సోకిన ప్రతి ఆరుగురిలో ఒకరు మరణిస్తున్నారు. బ్రతికినవారిలో ఐదింట ఒకరికి చెవుడు, మూర్ఛ వంటి బాధలు మిగులుతున్నాయి.

మన దేశంలో ఆస్పత్రులకు వచ్చే రోగులలో ఈ వ్యాధికి కారణమైన క్రిములు వయస్సును, పరిస్థితిని బట్టి మారుతుంటాయి. పురిటి బిడ్డలకు క్లెబ్సియెల్లా, ఇ. కోలై వంటివి ప్రసవ సమయమున గాని, వార్డులో శుభ్రత లోపించుట వలన గాని సోకుతాయి. ఐదేండ్ల లోపు పిల్లలలో హిమోఫిలస్ ‘బి’, న్యుమోకాకస్ ముఖ్యమైనవి. పెద్దలలో న్యుమోకాకస్‌దే అగ్రస్థానం. చీము కారే చెవిని అశ్రద్ధ చేసినచో అక్కడి నుండి క్రిములు మెదడు పొరలకు ప్రాకవచ్చును. జనసమ్మర్దం గల చోట్ల మెనింగోకాకస్ చెలరేగుతుంది. ఢిల్లీ నగరం 1985లోను, 2005లోను దీని వాత బడినది. 1987లో హజ్ యాత్రికులలో ప్రబలినదీ ఇదే. అందువలననే నేడు హజ్ యాత్రికులకు టీకా తప్పనిసరి. తలకు శస్త్రచికిత్స జరిగిన రోగులకు ఆస్పత్రిలోనే స్టెఫిలోకాకస్, అసినెటోబాక్టర్ వంటి మొండి క్రిములు సోకుట మరొక విషాదం. క్షయ క్రిమి కూడా మెదడు పొరలకు సోకుతుంది గాని, ఆ వ్యాధి వారాల తరబడి మెల్లగా ముదురుతుంది.

ఇన్ని క్రిములలో రోగిని పట్టినది ఏదో తెలియవలెనన్న వెన్నునీరు తీసి పరీక్షించవలెను. ఈ విధానమును 1891లో క్వింకె అను జర్మన్ వైద్యుడు ప్రవేశపెట్టెను. ఆరోగ్యవంతుని వెన్నునీరు తేటగా ఉండును. ఈ వ్యాధిలో అది మబ్బుగా మారి, అందలి చక్కెర తగ్గిపోవును. అయితే మనవద్ద ఈ పరీక్షకు రెండు ఆటంకాలున్నవి. సూది గుచ్చినచో కాళ్ళు పడిపోవునన్న భయం మొదటిది. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. సూదిని అంతకంటె దిగువన గుచ్చుదురు గనుక ఆ భయం నిరాధారం. దుకాణంలో కొన్న యాంటీబయాటిక్ బిళ్ళలను రెండు మూడు దినములు మ్రింగి, ఆపై ఆస్పత్రికి వచ్చుట రెండవది. ఆ అరకొర మందు వ్యాధిని కుదుర్చదు. కాని వెన్నునీటిలో క్రిమి పెరుగకుండ చేసి, దాని జాడను మరుగుపరుచును. ఇందువలన చికిత్సను ఆలస్యం చేయవలెనని మా భావం కాదు. ఆస్పత్రి చేరిన వెంటనే సరియైన మందు మొదలు కావలసినదే.

క్రిమి పేరు తెలియుట ఆ ఒక్క రోగికే గాక దేశమునకే మేలు. ఆఫ్రికా ఖండమున సహారా ఎడారికి దక్షిణాన గల దేశాలను మెనింగోకాకస్ ‘ఎ’ తరతరాలుగా పీడించెను. కారణం స్పష్టంగా తెలిసినందున దానికే ప్రత్యేకించిన టీకాను మన పూనాలో తయారుచేసి, 2010 నుండి అచట వేయగా, ఆ రకం దాదాపు అంతరించినది. మన దేశంలో హిమోఫిలస్ ‘బి’ని అరికట్టు పెంటావలెంట్ టీకా 2011లో కేరళ, తమిళనాడులలో మొదలై, క్రమంగా అన్ని రాష్ట్రాలకు విస్తరించెను. న్యుమోకాకస్ టీకా 2017లో ప్రారంభమై, 2021లో దేశమంతటా వచ్చినది. ప్రభుత్వ కేంద్రాలలో ఇవి పిల్లలకు ఉచితం.

చదువుకున్న యువకులుగా మనం చేయదగిన పనులు స్వల్పమే. ఇరుగుపొరుగు పిల్లలకు టీకాలు వేయించుట, చీము కారే చెవిని వైద్యునికి చూపించుట, జ్వరముతో మెడ బిగిసినవారిని క్షణమైనను ఆగక ఆస్పత్రికి చేర్చుట, వెన్నునీటి పరీక్షకు జంకే బంధువులకు ధైర్యం చెప్పుట. ఈ చిన్న పనులే ఒక ప్రాణమును నిలుపగలవని మా విశ్వాసం.