ఒక్క గుఱుతును వెదకు ఔషధము

పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో మందుల కర్మాగారములు పెక్కు గలవు. సాధారణముగా వానిలో రసాయనములను కలిపి, కాచి, వడగట్టి ఔషధములను సిద్ధము చేయుదురు. బొల్లారము దాటి తూర్పునకు పోయినచో బాచుపల్లి వచ్చును. అచ్చట డాక్టర్ రెడ్డీస్ సంస్థవారు చేయు రిటక్సిమాబ్ అను మందు మాత్రము అట్టిది కాదు. దానిని సజీవ కణములు తయారుచేయును.

మన రక్తములో బి కణములను తెల్లకణములు గలవు. రోగక్రిములు ప్రవేశించినప్పుడు వీని సంతతియే ప్రతిరక్షకములను పుట్టించును. ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్క జాతి గుఱుతును మాత్రమే పట్టుకొనును. ఒకప్పుడు ఈ బి కణములే అదుపు తప్పి పెరిగి, లింఫోమా యను కేన్సరుగా మారును. రసాయన చికిత్స వేగముగా పెరుగు కణములనెల్ల దెబ్బతీయును. అందుచేతనే రోగికి జుట్టు రాలును, నోరు పూయును. అట్లుగాక, ఆ కణములను మాత్రమే గుర్తించు ప్రతిరక్షకమును మనమే చేసి యిచ్చినచో?

అందులకు మార్గము 1975లో దొరికెను. కేంబ్రిడ్జిలో మిల్‌స్టైన్, కోలర్ అను శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకమును చేయు ఎలుక కణమును, ఎడతెగక పెరుగు కేన్సరు కణముతో ఏకము చేసిరి. ఆ జంటకణపు సంతానమంతయు ఒకే ప్రతిరక్షకమును చేయుచుండెను. కావున దానికి మోనోక్లోనల్ ప్రతిరక్షకమని పేరు. రోగమునకు హేతువైన గుణమే మందునకు పనిముట్టగుట వింత గదా! 1984లో వారిరువురు మఱియొక శాస్త్రజ్ఞునితో కలిసి నోబెల్ బహుమానము నందిరి.

రిటక్సిమాబ్ వెదకు గుఱుతు పేరు సిడి20. అది బి కణములపై నుండును. మందు దానిని పట్టుకొనగనే శరీరపు రక్షణ బలములు వచ్చి ఆ కణమును నాశనము చేయును. మంచి బి కణములును చచ్చును. కాని వానికి జన్మనిచ్చు మూలకణములపై ఆ గుఱుతు లేదు. కొన్ని మాసములకు మంచి కణములు మరల పుట్టును. ఆలోగా రోగి అంటువ్యాధులు సోకకుండ జాగ్రత్తపడవలెను.

అమెరికాలో ఈ మందునకు 1997లో అనుమతి లభించెను. వెల సామాన్యునకు అందరానిది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టినవారు. వారి సంస్థ 2007లో రెడిటక్స్ అను పేర దీనిని సుమారు సగము వెలకే విక్రయింప నారంభించెను. ఇది తేలికైన పని కాదు. ఆస్పిరిన్ అణువులో పరమాణువులు 21. రిటక్సిమాబ్‌లో సుమారు 20,000. ప్రతిరక్షకపు జన్యువును హామ్‌స్టర్ అను చిట్టెలుక కణములలో చొప్పించి, వానిని తొట్టెలలో వేడిమి, ప్రాణవాయువు, ఆహారము తప్పకుండ పెంచవలెను. బాక్టీరియా చొరబడినచో తొట్టెడు సరకును పారబోయవలసినదే. జీవకణములు చేసిన వస్తువు కనుక మొదటిదానికి అచ్చుగుద్దినట్లుండదు, మిక్కిలి పోలియుండును. అందుచే దీనిని బయోసిమిలర్ అందురు.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిటక్సిమాబ్‌ను ఆవశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. ఐనను దాని వెల కూలివాని యింటికి నేటికిని పెనుభారమే.