పది అడుగులు సెట్ చేస్తే ఇరవై ఒకటి

సైలెంట్ హంటర్ 4 అనే గేమ్ 2007లో వచ్చింది. పాతదే కాబట్టి నా లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలో తిరిగే అమెరికన్ సబ్‌మెరైన్‌కి మనమే కెప్టెన్. గంటసేపు లెక్కలు, ఒక్క నిమిషం షూటింగ్. ఆ లెక్కల్లో చాలామంది తేలిగ్గా తీసుకునేది టార్పెడో డెప్త్ సెట్టింగ్, అంటే టార్పెడో ఎంత లోతులో వెళ్లాలి అన్నది. నాకు మాత్రం గేమ్ మొత్తంలో అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్ అదే.

ముందు బేసిక్స్. ఓడ అడుగు భాగం నీళ్లలో ఎంత లోతు వరకు ఉంటుందో దాన్ని డ్రాఫ్ట్ అంటారు. గేమ్‌లో ఓడల్ని గుర్తుపట్టే పుస్తకంలో అది దొరుకుతుంది. టార్పెడో పేలడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఓడ పక్కకి గుద్దుకుని పేలడం. దీనికి డ్రాఫ్ట్ కన్నా తక్కువ లోతు పెట్టాలి. రెండోది, ఓడ కిందనుంచి వెళ్తూ, దాని ఇనుము వల్ల మారే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి పేలడం. దీనికి డ్రాఫ్ట్ కన్నా కొన్ని అడుగులు ఎక్కువ పెట్టాలి. మరీ పైకి పెడితే, అలలున్న రోజు టార్పెడో నీళ్ల మీదకి తేలి దారి తప్పొచ్చు.

ఇంతేనా అనిపిస్తుంది కదా? ఇప్పుడు టార్పెడోలు ఫెయిలయ్యే ఆప్షన్ ఆన్ చేసి, 1942లో ఆట మొదలుపెట్టండి. గురి కరెక్ట్, లెక్క కరెక్ట్, టార్పెడో మాత్రం ఓడ కిందనుంచి చక్కగా వెళ్లిపోతుంది. గేమ్‌లో బగ్ అనుకుంటాం. కానీ ఆ బగ్ చరిత్రలోనే ఉంది.

అప్పటి అమెరికన్ టార్పెడో పేరు మార్క్ 14. వ్యాసం 21 అంగుళాలు, పొడవు 20 అడుగుల పైనే. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి టార్పెడో ట్యూబులు చూసినవాళ్లకి ఆ సైజు ఊహకి అందుతుంది, అవీ 21 అంగుళాలవే. ఇంత పెద్ద వస్తువుకి తను ఎంత లోతులో ఉందో ఎలా తెలుస్తుంది? నీటి ఒత్తిడిని బట్టి. లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, 10 మీటర్లకి సుమారు ఒక అట్మాస్ఫియర్. సెట్ చేసిన లోతుకి తగ్గ ఒత్తిడి లేకపోతే టార్పెడో ఇంకా కిందకి దిగుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఒత్తిడి కొలిచే రంధ్రాన్ని తోక దగ్గర సన్నబడే భాగంలో పెట్టారు. మార్క్ 14 వేగం 46 నాట్లు. ఆ వేగంలో నీళ్లు తోక చుట్టూ పారేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. మన ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివిన బెర్నూలీయే. దాంతో టార్పెడో "నేనింకా పైనే ఉన్నాను" అనుకుని ఇంకా కిందకి పోయేది.

మరి టెస్టుల్లో దొరకలేదా? టెస్టుల్లో లోతు రికార్డు చేసే పరికరానికీ ఒత్తిడి అందే చోటులో ఇదే తప్పు ఉంది. రెండూ ఒకే వైపు, ఒకే అంత తప్పు చూపించాయి. రెండు రీడింగులూ కలిశాయి కాబట్టి అంతా ఓకే అనుకున్నారు. పైగా టెస్టుల్లో వాడిన డమ్మీ వార్‌హెడ్ అసలుదానికన్నా తేలిక.

యుద్ధం మొదలయ్యాక కెప్టెన్లు వచ్చి టార్పెడోలు లోతుగా పోతున్నాయి అంటే, ఆయుధాల విభాగం మీ గురే తప్పు అంది. చివరికి 1942 జూన్‌లో అడ్మిరల్ చార్లెస్ లాక్‌వుడ్ ఆస్ట్రేలియాలోని ఆల్బనీ దగ్గర చేపల వల కొనిపించి, నీళ్లలో కట్టించి, దాని మీదకి టార్పెడోలు వదిలించాడు. 10 అడుగులకి సెట్ చేసిన మొదటిది 25 అడుగుల దగ్గర వలకి చిల్లు పెట్టింది. మొత్తం మీద సగటున 11 అడుగుల తేడా తేలింది. ఆగస్టులో ఆ విభాగం కూడా ఒప్పుకుంది.

ఆ 11 అడుగులు ఎంత పెద్దవో చూడండి. ఓడ డ్రాఫ్ట్ 20 అడుగులు, మీరు 12 పెట్టారు. టార్పెడో నిజంగా వెళ్లేది 23లో. ఓడకి తగలనే తగలదు. కానీ మార్క్ 14 వెనక వదిలే బుడగల చార పైనుంచి కనిపిస్తుంది, సబ్‌మెరైన్ ఎక్కడుందో శత్రువుకి చెప్పేస్తుంది. ఇక పైనుంచి డెప్త్ ఛార్జీలు మొదలు. ఎక్కడో ల్యాబ్‌లో రెండు రీడింగులు కలిసినందుకు, ఇక్కడ లోపలున్న అరవై డెబ్బై మంది ప్రాణాలు పణంగా పెట్టాల్సి వచ్చేది.

మన బ్రాంచ్ వాళ్లకి ఇది కొత్త కథేం కాదు. ఒక ఫంక్షన్ రాసి, దాని అవుట్‌పుట్‌నే కాపీ చేసి టెస్ట్ కేస్‌లో "రావాల్సిన జవాబు" అని పెడితే, టెస్ట్ ఎప్పుడూ పాసే. స్క్రీన్ మీద పచ్చ రంగు చూసి సంతోషపడతాం, కానీ అక్కడ చెక్ అయిందేమీ లేదు. చేప వల గొప్పతనం అదే. దానికి ఒత్తిడి తెలీదు, బెర్నూలీ తెలీదు, చిల్లు ఎక్కడ పడిందో మాత్రమే చూపిస్తుంది. టార్పెడోతో ఏ సంబంధమూ లేని కొలత కాబట్టే నిజం చెప్పగలిగింది.

గేమ్ ఆడేవాళ్లకి ఒక టిప్: 1942 మొదట్లో గుద్దుకుని పేలే పద్ధతే పెట్టుకోండి, మీకు కావాల్సిన లోతులోంచి 10 అడుగులు తీసేసి సెట్ చేయండి. ప్రాజెక్టు చేసేవాళ్లకి ఇంకో టిప్: రివ్యూకి ముందు మీ కోడ్‌కి ఒక చేప వల వెతుక్కోండి. కనీసం ఒక్క జవాబైనా కాగితం మీద చేత్తో లెక్క వేసి పోల్చి చూడండి.