శుక్లం ముదరక్కర్లేదు

నందిగామ, జగ్గయ్యపేట వైపు పెద్దవాళ్ల కంటికి మసక కమ్మితే ఇరుగుపొరుగు ఇప్పటికీ చెప్పే మాట ఒకటే: "ఇంకా ముదరలేదులే, ముదిరాక చేయిద్దాం." పత్తితీతలు, మిరపకోతలు అయ్యేదాకా ఆగడానికి అదో మంచి సాకు కూడాను. అలాగని ఇది మూఢనమ్మకం కాదు. ఒకప్పుడు డాక్టర్లే చెప్పిన సలహా. దానికి కాలం చెల్లడం వెనక 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ల కథ ఒకటుంది.

బళ్లలోనూ సత్రాల్లోనూ కంటి శిబిరాలు పెట్టిన రోజుల్లో, మసకబారిన కటకాన్ని దాని సంచీతో సహా బయటికి లాగేసేవారు. దాని స్థానంలో లోపల ఏమీ పెట్టేవారు కాదు. అందుకని ప్లస్ పది పవర్ సోడాబుడ్డి కళ్లద్దాలు తప్పేవి కావు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ పావువంతు పెద్దగా, దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. పక్కన కొంత మేర అసలు కనిపించదు. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో జనం మధ్య నడవడమంటే, లేని చోటునుంచి మనిషి ఊడిపడ్డట్టే ఉండేది. ఒక కంటికే ఆపరేషన్ చేసి రెండో కన్ను బాగుంటే ఇంకా తిప్పలు. రెండు కళ్లూ రెండు సైజుల బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలపలేదు. చూపు దాదాపు పోయేదాకా ఆగమనడం ఆ రోజులకు సరైన సలహాయే.

పీకేసిన చోట ఇంకో కటకం పెడితే పోదా? పెడితే కన్ను ఊరుకోదని, పరాయి వస్తువును తిప్పికొడుతుందని వైద్యులంతా నమ్మేవారు. ఆ నమ్మకానికి పగులు పెట్టింది యుద్ధం. 1940 ఆగస్టులో బ్రిటిష్ పైలట్ గోర్డన్ క్లీవర్ నడుపుతున్న హరికేన్ విమానం మీద గుళ్లు పడ్డాయి. కాక్‌పిట్ కప్పు పెర్‌స్పెక్స్ పగిలి, ముక్కలు అతని కళ్లలో దిగాయి. ఆ నమ్మకం ప్రకారమైతే కన్ను రగిలిపోవాలి. ఈ ప్లాస్టిక్ ముక్కలు మాత్రం ఏళ్ల తరబడి గొడవ చేయకుండా పడి ఉన్నాయి. లండన్ కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ దీన్ని గమనించి, రేనర్ కంపెనీ చేత అదే ప్లాస్టిక్‌తో కటకం చేయించాడు. 1949 నవంబర్ 29న సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఒకామె కంట్లో దాన్ని పెట్టాడు. కటకం కంట్లో నిలిచింది గానీ లెక్క తప్పింది. ఆమెకు మైనస్ పద్దెనిమిది పవర్ వచ్చిపడింది. పెర్‌స్పెక్స్ వెలుతురును సహజ కటకం కంటే ఎక్కువ వంచుతుంది. బరువు కూడా ఎక్కువే కావడంతో కొందరిలో జారిపోయింది. పెద్ద పేరున్న నేత్రవైద్యులు మొహం తిప్పుకున్నారు. అమెరికా ప్రభుత్వం ఇలాంటి కటకాలకు ఆమోదం ఇచ్చేసరికి 1981. రిడ్లీ మొండితనానికి నేను నమస్కారం పెడతాను గానీ, ఆయన్ని ఎదిరించినవాళ్లందరినీ మూర్ఖులనలేను. తొలి కటకాల్లో లోపాలు నిజంగానే ఉన్నాయి.

అసలు మలుపు కోత చిన్నదవడంతో వచ్చింది. న్యూయార్క్ డాక్టర్ చార్లెస్ కెల్మన్ పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చున్నప్పుడు, పళ్ల గార గీకే అల్ట్రాసౌండ్ సాధనం చూసి ఆలోచనలో పడ్డాడు. 1967లో ఆ కంపనంతోనే శుక్లాన్ని కంట్లోనే పొడిచేసి పీల్చేశాడు. దాన్నే ఫేకో అంటున్నాం. సెకనుకు దాదాపు 40,000 సార్లు అదిరే సూది అది. సంచీ వెనక పొర అలాగే ఉంచుతారు కాబట్టి కొత్త కటకానికి ఆసరా దొరికింది. 1980లలో మడిచే కటకం వచ్చాక రెండు మూడు మిల్లీమీటర్ల గాటు చాలు, కుట్టు అక్కర్లేదు. ముదిరితేనే మేలన్న సలహా ఇక్కడ తిరగబడింది. రాయిలా గట్టిపడ్డ శుక్లాన్ని పొడి చేయాలంటే ఎక్కువ శక్తి కావాలి, ఆ వేడి కార్నియా లోపలి కణాలకు మంచిది కాదు. అలాంటి కళ్లకు యంత్రం లేకుండా, కాస్త పెద్ద గాటుతో కుట్టు లేని ఆపరేషన్ చేస్తారు. మన దేశపు శిబిరాల్లో లక్షల మందికి చూపిచ్చింది అదే. ఖరీదు యంత్రం లేదని దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

అయితే కటకం విదేశాల నుంచి వస్తున్నంతకాలం దాని ధర వంద డాలర్లు దాటేది. కూలి చేసుకునేవాళ్లకు అందేది కాదు. 1992లో మదురై అరవింద్ ఆస్పత్రివాళ్లు ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేయడం మొదలెట్టాక, అది పది డాలర్ల మేరకు దిగింది. నా లెక్కలో రిడ్లీ కథకు రెండో సగం లండన్‌లో కాదు, మదురైలోనే జరిగింది. 1994లో మొదలైన ప్రపంచబ్యాంకు శుక్లాల పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ రోజుల్లోనే సోడాబుడ్డి అద్దాలు ఊళ్లలోంచి మాయమవుతూ వచ్చాయి.

నందిగామ, జగ్గయ్యపేట రెండూ హైదరాబాద్–విజయవాడ హైవే మీదే ఉన్నాయి గనక ఆపరేషన్‌కు ఎటైనా వెళ్లొచ్చు. 1987లో హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి, 2011 నుంచి విజయవాడ దగ్గర తాడిగడపలోనూ ఉంది. గుంటూరు దారిలో పెదకాకాని శంకర కంటి ఆస్పత్రి ఉంది. కౌంటర్ దగ్గర కటకాల ధరల పట్టీ చూసి కంగారుపడొద్దు. దూరపు చూపుకు సరిపెట్టే మామూలు ఒకే పవర్ కటకం, దగ్గరికి చత్వారపు అద్దాలు: పొలం పనులకు, ఇంటి పనులకు చాలామందికి ఇది చాలు. దూరం, దగ్గర రెండూ చూపించే ఖరీదైన కటకాలతో రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. లారీ డ్రైవర్లు ముందే అడగాలి.

కళ్లద్దాలు తీయించుకోవాలనుకునే కుర్రకారు చేయించుకునే లేసిక్ వేరు. దానికి దారి వేసిన ఎక్సైమర్ లేజర్ ప్రయోగాలు 1981లో ఐబీఎంలో చేసినవారిలో మద్రాసు నుంచి వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. అది కార్నియాను చెక్కుతుంది, శుక్లాన్ని తీయదు. లేసిక్ చేయించుకున్నవాళ్లు ఆ కాగితాలు పారేయకూడదు. ముందుముందు శుక్లం వస్తే కటకం పవర్ లెక్క వేయడానికి పాత కొలతలు కావాలి.

ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు "మళ్లీ పొర వచ్చింది" అంటూ కొందరు తిరిగొస్తారు. శుక్లం మళ్లీ రాదు. ఆసరాగా వదిలిన సంచీ వెనక పొరే మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో దానికి చిన్న కంత చేస్తారు. కోతా కుట్టూ లేవు, కొద్ది నిమిషాల పని. సాయంత్రం బస్సుకే ఇంటికి రావచ్చు.