సిండికేట్ అయితే సంఘానికే కాదు.. బాధ్యులకూ సొంతంగా జరిమానా! కాంపిటీషన్ చట్టం ఏం చెబుతోంది?

వ్యాపారుల సంఘం మీటింగ్ పెట్టుకుంటుంది. 'సోమవారం నుంచి ఈ రేటుకు తక్కువ ఎవరూ అమ్మొద్దు' అని తీర్మానం చేస్తుంది. కొన్నిచోట్ల లెటర్‌హెడ్ మీద స్టాంపు వేసి మరీ షాపుల్లో అంటిస్తారు. మాట వినకుండా తక్కువకు అమ్మితే ఫైన్, లేదంటే సరుకు బంద్. మార్కెట్లలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇందులో తప్పుందని చాలామందికి అనిపించదు కూడా. చట్టం మాత్రం దీన్ని కార్టెల్ అంటుంది. మన బజారు భాషలో సిండికేట్.

కాంపిటీషన్ చట్టం 2002లో వచ్చింది. అందులో సిండికేట్‌ల సంగతి చూసే సెక్షన్ 3, 2009 మే 20 నుంచి అమల్లో ఉంది. పోటీదారులు కూడబలుక్కుని రేటు ఖరారు చేయడం, ఉత్పత్తి లేదా సరఫరా తగ్గించడం, ఏరియాలు గానీ కస్టమర్లను గానీ పంచుకోవడం, టెండర్లలో రింగ్ కావడం.. ఈ నాలుగింటినీ చట్టం సీరియస్‌గా తీసుకుంటుంది. కుమ్మక్కు రుజువైతే చాలు, దానివల్ల పోటీకి నష్టం జరిగిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది వ్యాపారులే. చిన్న వ్యాపారులని సెక్షన్ 3 నుంచి మినహాయింపేమీ లేదు.

'మేం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కదా' అనే వాదనా నిలబడదు. నోటిమాట ఒప్పందమైనా, లోపాయికారీ అవగాహన అయినా ఒప్పందం కిందికే వస్తుంది. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. పక్క షాపు రేటు చూసి ఎవరికి వారు తమ రేటు మార్చుకుంటే తప్పు కాదు. ముందే మాట్లాడుకుని మారిస్తేనే తప్పు.

మరి మాట్లాడుకున్నారని ఎలా తెలుస్తుంది? ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా టెండర్ల కేసు చూడండి. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం 2009లో పిలిచిన టెండర్‌లో మూడు కంపెనీలు కిలోకు సరిగ్గా 388 రూపాయలే కోట్ చేశాయి. ఒక్క రూపాయి అటూ ఇటూ లేదు. వేర్వేరు ఫ్యాక్టరీలు, వేర్వేరు ఖర్చులు, రేటు మాత్రం ఒకటే. దీన్ని కాకతాళీయం అంటే సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. 2017లో కుమ్మక్కును ఖరారు చేసింది. అదే తీర్పులో కంపెనీలకు ఒక ఊరట ఇచ్చింది. జరిమానా లెక్కకు కంపెనీ మొత్తం టర్నోవర్ కాకుండా, కుమ్మక్కైన సరుకు టర్నోవర్ మాత్రమే తీసుకోవాలని చెప్పింది.

ఆ ఊరట ఇప్పుడు అంత గట్టిగా లేదు. 2023లో చట్టాన్ని సవరించారు. 2024 మార్చి నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, లెక్క సంబంధిత సరుకు టర్నోవర్ సగటులో 30 శాతం వరకు మొదలవుతుంది. గరిష్ఠ పరిమితికి మాత్రం కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను చూస్తారు.

ఆ పరిమితి ఎంత? కార్టెల్ అయితే, అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంత వరకు వేయొచ్చు. ఉదాహరణకు ఏడాదికి 2 కోట్ల టర్నోవర్ ఉన్న హోల్‌సేల్ షాపు అనుకుందాం. మార్జిన్ 3 శాతం, అంటే మిగిలేది 6 లక్షలు. రెండేళ్లు సిండికేట్‌లో ఉంటే లాభానికి మూడు రెట్లు 36 లక్షలు, టర్నోవర్‌లో 10 శాతం 40 లక్షలు. అంటే పరిమితి 40 లక్షలు. ఆ షాపుకు ఆరేళ్లకు పైగా వచ్చే లాభం అది! ప్రతి కేసులో అంత వేస్తారని కాదు, కానీ హోల్‌సేల్‌లో మార్జిన్ ఎంత సన్నమో తెలిసినవాళ్లకు దీని బరువు అర్థమవుతుంది.

పెద్ద కేసుల్లో అంకెలు ఇంకోలా ఉంటాయి. బిల్డర్స్ అసోసియేషన్ ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) 2012లో 11 సిమెంట్ కంపెనీలకు దాదాపు 6,300 కోట్ల జరిమానా వేసింది. కంపెనీల సంఘం మీటింగ్‌లు రేట్లు, ఉత్పత్తి సమాచారం పంచుకునే వేదిక అయ్యాయని తేల్చింది. విచారణ పద్ధతిలో లోపం ఉందని 2015లో ట్రిబ్యునల్ ఆ ఆర్డర్‌ను కొట్టేసింది. 2016లో సీసీఐ మళ్లీ విచారించి మళ్లీ జరిమానా వేసింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని సమర్థించగా, కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఇల్లు కట్టుకునేవాడు మాత్రం బస్తా కొన్నరోజే డబ్బు కట్టేశాడు.

రేటు పెంచడమే నేరం అనుకుంటే పొరపాటు. బయటివాళ్లను రానివ్వకపోవడమూ ఇందులోకే వస్తుంది. మందుల కంపెనీ కొత్త స్టాకిస్టును పెట్టుకోవాలంటే కెమిస్టుల సంఘం ఎన్‌ఓసీ తెచ్చుకోవాలనే ఆనవాయితీ ఏళ్లపాటు నడిచింది. 2013లో అఖిల భారత కెమిస్టుల సంఘం కేసులో సీసీఐ దీన్ని తప్పుబట్టి జరిమానా వేసింది. పెట్టుబడి పెట్టి కొత్తగా షాపు తెరుద్దామనుకునే కుర్రాడికి ఇలాంటి ఎన్‌ఓసీనే మొదటి గోడ.

అసలు చాలామందికి తెలియనిది సెక్షన్ 48. తప్పు కంపెనీదైనా, అప్పట్లో వ్యవహారం చూసిన బాధ్యుడూ దోషే. తనకు తెలియదని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నానని అతనే నిరూపించుకోవాలి. జరిమానా అతని సొంత ఆదాయంపై పడుతుంది, అది కూడా 10 శాతం లెక్కన. 2021లో బీర్ కంపెనీల కేసులో కంపెనీలతో పాటు వాటి సంఘానికి, 11 మంది వ్యక్తులకు కూడా జరిమానా పడింది. మొత్తం 873 కోట్లకు పైనే. సాక్ష్యాల్లో ఈమెయిళ్లతో పాటు వాట్సాప్ మెసేజీలూ ఉన్నాయి. గ్రూపులో 'రేటు ఇదే భాయ్' అని పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అదే కేసులో ఒక కంపెనీ పైసా కట్టలేదు. ముందుగా వెళ్లి గుట్టు విప్పింది కాబట్టి పూర్తి మినహాయింపు దొరికింది. మొదట చెప్పినవారికి 100 శాతం వరకు, రెండోవారికి 50, మూడోవారికి 30 శాతం వరకు తగ్గింపు ఉంటుంది. సిండికేట్‌లో అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకోవాలన్నదే ఈ నిబంధన ఉద్దేశం.

ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. సొంతంగా నష్టపోయి ఉండాల్సిన అవసరం లేదని 2020లో ఉబెర్ రేట్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడైతే మూడేళ్లలోపు సీసీఐ దగ్గరికి వెళ్లాలి. ఆలస్యమైతే కారణం చూపించాలి.

సంఘాలు మూసుకోవాలని దీనర్థం కాదు. జీఎస్టీ ఇబ్బందులపై సర్కారుకు వినతిపత్రం ఇవ్వొచ్చు, ట్రైనింగ్ పెట్టొచ్చు, పార్కింగ్ గురించి పోరాడొచ్చు. మీటింగ్‌లో రేట్ల మాట వస్తే మాత్రం అభ్యంతరం మినిట్స్‌లో రాయించి బయటికి వచ్చేయాలి. మౌనంగా కూర్చుని టీ తాగి వచ్చిన సభ్యుడు, తర్వాత అదే రేటుకు అమ్మితే 'నేను ఒప్పుకోలేదు' అని చెప్పుకోవడం కష్టం.